మన పద్మినికి, ఇటలీ బలిల్లాకు ఉన్న చుట్టరికం ఎంత?

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. మీ తాతగారి పెట్రోలు ప్రీమియర్ పద్మిని కారులో ఉన్నది ముస్సోలినీ కాలంలో వచ్చిన ‘బలిల్లా’ అనే చిన్న కారు ఇంజినేనని ఒక మెకానిక్కు చెప్పాడు, అది నిజమా అన్నది మొదటిది. ఆ బలిల్లాను ఇటలీలో ప్రజల కారు అనేవారట, మామూలు జనం నిజంగా కొన్నారా అన్నది రెండవది. టురిన్‌లో చదువుకుంటున్న మీ అబ్బాయికి అక్కడి పాత సామాన్ల సంతలో బలిల్లా పిస్టన్లు, హెడ్ గ్యాస్కెట్టు కనిపించాయి, కొనమనాలా వద్దా అన్నది మూడవది. ముప్ఫయ్యేళ్లకు పైగా పాత ఫియట్ ఇంజిన్లను విప్పి బిగిస్తున్నవాడిని కనుక, నాకు తెలిసినంతలో మూడింటికీ సమాధానం రాస్తాను. మొదటి ప్రశ్నకే ఎక్కువ చోటు పడుతుంది, ఎందుకంటే అది తేలితే మూడవది దానంతటదే తేలిపోతుంది.

మీ మెకానిక్కు చెప్పినది అబద్ధం కాదు. కానీ అతను ఒకే పేరుతో వచ్చిన రెండు కార్లను ఒకటిగా కలిపేశాడు. ఫియట్ కంపెనీ 1932లో ఒక బలిల్లాను, 1937లో ‘కొత్త బలిల్లా’ పేరుతో మరో కారును తెచ్చింది. మీ బండి ఇంజిన్ రెండవదాని వంశంలోది. 1932 నాటి కారు దానికి ఇంటిపేరు కలిసిన దూరపు బంధువు మాత్రమే. అయితే ఆ దూరపు బంధువు నుంచి కూడా ఒక కొలత మీ ఇంజిన్ దాకా చెక్కుచెదరకుండా వచ్చింది, దాని సంగతి తరువాత చెబుతాను.

ముందు 1932 నాటి కారును చూద్దాం. ఫ్యాక్టరీ లెక్కల్లో దాని సంఖ్య 508. ఆ ఏడాది ఏప్రిల్‌లో మిలాన్ ప్రదర్శనలో దానిని మొదటిసారి జనానికి చూపించారు. రెండు తలుపులు, నలుగురు కూర్చునే చోటు, నాలుగు సిలిండర్లలో 995 సీసీ ఇంజిన్, 20 హార్స్‌పవర్, మూడు గేర్లు, గంటకు దాదాపు 80 కిలోమీటర్ల వేగం, ధర 10,800 లీరాలు. ఈనాడు మన రోడ్ల మీద తిరిగే 350 సీసీ బుల్లెట్టుకు ఉన్న శక్తి కూడా ఇంచుమించు అంతే. ఆ శక్తితో నలుగురు మనుషులను, వాళ్ల సామానును అపెన్నైన్ కొండలు ఎక్కించిన బండి అది.

ఇక్కడ ఒక విచిత్రం గమనించాలి. దీనికి ఏడేళ్ల ముందు, అంటే 1925లో, ఫియట్ 509 అనే చిన్న కారును అమ్మకానికి తెచ్చింది. దాని ఇంజిన్ 990 సీసీ, కానీ వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్టు అనే ఇరుసు, సిలిండర్లకు మూత వంటి హెడ్డు పైన ఉండేది. ఆ కాలానికి అది చాలా ముందున్న ఏర్పాటు. ఇటలీలో కార్లను వాయిదాల మీద అమ్మడం కూడా ఆ బండితోనే ఊపందుకున్నది, అందుకోసం ఫియట్ అదే సంవత్సరం సావా అనే రుణ సంస్థను పెట్టింది. అటువంటిది 1932కి వచ్చేసరికి క్యామ్‌షాఫ్టును మళ్లీ కిందికి దించి, వాల్వులను సిలిండర్ల పక్కన బ్లాకులోనే నిలబెట్టే సైడ్ వాల్వ్ పద్ధతికి దిగారు. చూడటానికి ఇది వెనకడుగు. నా అభిప్రాయంలో ఆ కారు మొత్తంలో తీసుకున్న తెలివైన నిర్ణయం ఇదే. 1929 తరువాతి ఆర్థిక మాంద్యంలో జనం చేతిలో డబ్బు ఆడటం లేదు. ఊరి మెకానిక్కు బాగు చేయగల ఇంజిన్, తక్కువ భాగాలున్న ఇంజిన్, నాసిరకం పెట్రోలుతోనైనా నడిచే ఇంజిన్ కావాలి. ఆ మూడు షరతులకూ సైడ్ వాల్వే సరిపోతుంది.

సైడ్ వాల్వ్ అంటే ఏమిటో ఒక్క పేరా చెప్పనివ్వండి, మీ మూడవ ప్రశ్నకు ఇది అవసరం. మీ పద్మినిలో వాల్వులు పిస్టనుకు నెత్తిమీద, హెడ్డులో వేలాడుతూ ఉంటాయి. కింద బ్లాకులో ఉన్న క్యామ్‌షాఫ్టు పుష్‌రాడ్లను పైకి నెడితే, అవి రాకర్లను కదిపితే, రాకర్లు వాల్వులను కిందికి నొక్కి తెరుస్తాయి. సైడ్ వాల్వ్ ఇంజిన్లో పుష్‌రాడ్లూ ఉండవు, రాకర్లూ ఉండవు. వాల్వులు సిలిండరు పక్కనే, తల పైకి పెట్టి నిలబడతాయి, క్యామ్ నేరుగా కింది నుంచి వాటిని ఎత్తుతుంది. అందువల్ల హెడ్డు అన్నది ఒక మూత మాత్రమే, నట్లు విప్పితే పళ్లెంలా చేతికి వస్తుంది. కానీ మండే గది సిలిండరు మీదనే కాక పక్కకు కూడా పరచుకోవలసి వస్తుంది, ఎందుకంటే వాల్వులు పైకి లేవడానికి అక్కడ చోటు ఉండాలి. అలా పరచుకున్న గదిలో కంప్రెషన్, అంటే పెట్రోలు, గాలి మిశ్రమాన్ని అదిమే మోతాదు, ఎక్కువగా పెంచలేం, లోపలికి వచ్చే మిశ్రమం కూడా మలుపులు తిరిగి రావాలి. అందుకే 995 సీసీ నుంచి 20 హార్స్‌పవరే వచ్చింది.

ఇంజిన్ దగ్గర పిసినారితనం చూపినవాళ్లు బ్రేకుల దగ్గర చూపలేదు. నాలుగు చక్రాలకూ హైడ్రాలిక్ డ్రమ్ బ్రేకులు పెట్టారు. అదే 1932లో ఇంగ్లండులో వచ్చిన చిన్న ఫోర్డుకు కడ్డీలతో లాగే బ్రేకులు ఉండేవని, ఆస్టిన్ సెవెన్‌కు కేబుళ్లతో లాగే బ్రేకులు ఉండేవని గుర్తు పెట్టుకుంటే దీని విలువ తెలుస్తుంది. కేబుల్ బ్రేకులను నాలుగు చక్రాలకూ సమానంగా పట్టేట్లు సర్దడం ఎంత విసుగు పనో చేసినవాళ్లకే తెలుసు. ఒక చక్రం ముందుగా పట్టి బండి పక్కకు లాగుతుంది, దానిని సర్దితే ఇంకొకటి వదులవుతుంది. ద్రవపు ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పోతుంది కనుక హైడ్రాలిక్ బ్రేకుల్లో ఈ గొడవ చాలావరకు ఉండదు. పర్వతాలున్న దేశంలో సంసారంతో ప్రయాణం చేసే కారుకు ఇది విలాసం కాదు.

మూడు గేర్లు మాత్రం నిజంగానే లోపం. రెండవ గేరుకూ మూడవ గేరుకూ మధ్య దూరం ఎక్కువైతే, కొండ ఎక్కేటప్పుడు మూడవ గేరులో బండి లాగదు, రెండవ గేరులో ఇంజిన్ గోల పెడుతుంది. ఫియట్ దీనిని 1934లో నాలుగు గేర్లు పెట్టి సరిదిద్దింది, శక్తిని 24 హార్స్‌పవర్‌కు పెంచింది, నాలుగు తలుపుల బండిని కూడా తెచ్చింది. ఇటలీలో పాత కార్ల ప్రేమికులు ఈనాటికీ ‘మూడు గేర్ల బలిల్లా’, ‘నాలుగు గేర్ల బలిల్లా’ అనే వాటిని వేరు చేసి చెబుతారు. 1937 వరకు రెండూ కలిపి లక్షకు పైగా తయారయ్యాయి. టురిన్‌లోని లింగొత్తో ఫ్యాక్టరీ మీ అబ్బాయికి తెలిసే ఉంటుంది, ఈ కార్లు పుట్టింది అక్కడే. అది ఐదు అంతస్తుల భవనం. కింది అంతస్తులో మొదలైన బండి పై అంతస్తులకు ఎక్కుతూ తయారై, చివరికి డాబా మీద కట్టిన పరీక్షా పథంలో పరుగు తీసేది. ఇప్పుడు ఆ భవనంలో దుకాణాలు, హోటళ్లు ఉన్నాయి కానీ, డాబా మీది పథం ఇంకా ఉంది.

పేరు సంగతి. బలిల్లా అన్నది జెనోవా నగరానికి చెందిన ఒక కుర్రవాడి ముద్దుపేరు. 1746 డిసెంబరులో ఆ నగరాన్ని ఆక్రమించుకున్న ఆస్ట్రియా సైనికుల మీద అతను మొదటి రాయి విసిరాడని, దానితో తిరుగుబాటు మొదలైందని ఇటలీవాళ్లు చెప్పుకుంటారు. వాళ్ల జాతీయగీతంలో కూడా ఆ పేరు ఉంది. అయితే 1932లో ఆ పేరు వినగానే ఇటాలియన్లకు గుర్తుకు వచ్చేది 1926లో ఫాసిస్టు ప్రభుత్వం పిల్లల కోసం పెట్టిన బలిల్లా సంస్థ, నల్ల చొక్కాలతో కవాతు చేసే ఎనిమిది నుంచి పద్నాలుగేళ్ల మగపిల్లలు. కంపెనీ ఆ పేరు ఎందుకు ఎంచుకున్నదో వివరించనక్కరలేదు. చిన్నది, చురుకైనది, దేశభక్తి కలది, పైగా అధికారంలో ఉన్నవాళ్లకు నచ్చేది. విదేశాల్లో కట్టిన బండ్లకు సహజంగానే ఈ పేరు అంటలేదు. పోలండులో అది పోల్స్కీ ఫియట్ 508 అయింది, జర్మనీలో ఎన్‌ఎస్‌యూ-ఫియట్ అయింది, ఫ్రాన్సులో సిమ్కా కంపెనీ తన జీవితాన్ని ఆ కారుతోనే మొదలుపెట్టింది.

ఇక ‘ప్రజల కారు’ అన్న మాట. అప్పటి ప్రభుత్వం ‘ప్రజల వద్దకు వెళ్లాలి’ అనే నినాదం ఎత్తుకున్నది, ఈ కారును ఆ నినాదానికి తగిన వస్తువుగా చూపారు. ధరను జీతాలతో పోల్చి చూస్తే నినాదం ఎక్కడ ఆగిపోయిందో తెలుస్తుంది. ఆ దశాబ్దంలో నెలకు వెయ్యి లీరాల జీతం అన్నది ఇటలీ మధ్యతరగతి ఉద్యోగి కనే కల. ఆ కల నెరవేరినవాడికి కూడా ఈ కారు పదకొండు నెలల సంపాదన. ఆ కారును చేతులతో బిగించిన ఫ్యాక్టరీ కార్మికుడికి ఆ వెయ్యిలో సగం కూడా వచ్చేది కాదు. పెట్రోలు దిగుమతి సరుకు, దాని మీద పన్ను భారీగా ఉండేది. కాబట్టి కొన్నవాళ్లు వైద్యులు, న్యాయవాదులు, చిన్న ఫ్యాక్టరీల యజమానులు, వ్యాపారులు, కొద్దో గొప్పో ఆస్తి ఉన్న ఉద్యోగులు. ఇది నా ఊహ కాదు, కంపెనీ వేయించిన ప్రకటనే ఒప్పుకుంటుంది. 1934లో మర్చెల్లో దుదొవిచ్ అనే ప్రసిద్ధ చిత్రకారుడు నాలుగు గేర్ల బండికి ఒక పోస్టరు గీశాడు. దాని మీద ‘అందరి కోసం కొత్త బలిల్లా’ అని ఉంటుంది, దానితోపాటే ‘శ్రీమతి సొగసు’ అని కూడా ఉంటుంది. బొమ్మలో కనిపించేది కార్మికుడూ కాదు, అతని సంసారమూ కాదు. నాజూకైన దుస్తుల్లో, టోపీ పెట్టుకుని నిలబడిన ఒక సంపన్న స్త్రీ. ‘అందరి కోసం’ అన్న మాటకు అర్థం ఏమిటో ఆ చిత్రకారుడు మాటలు లేకుండా చెప్పేశాడు.

అలాగని కారును తీసిపారేయకూడదు. అంతకు ముందు కారు అనే మాటే ఎరగని ఒక తరగతికి అది నిజంగా అందుబాటులోకి వచ్చింది, ఇటలీ గ్రామాల్లో వైద్యుడి బండి అంటే చాలాకాలం బలిల్లాయే. ధరను ఇంకా కిందికి దించే ప్రయత్నం 1936లో వచ్చిన ఫియట్ 500 చేసింది. జనం దానిని తొపొలీనో, అంటే చిట్టెలుక, అని పిలుచుకున్నారు. మికీ మౌస్‌కు ఇటలీలో ఉన్న పేరు కూడా అదే. 569 సీసీ, 13 హార్స్‌పవర్, ఇద్దరికి సీట్లు. ఐదు వేల లీరాలకు కారు ఇవ్వాలన్నది మొదటి మాట, బండి బయటికి వచ్చేసరికి ధర 8,900 అయింది. లక్ష రూపాయల కారు వాగ్దానం విన్న మనకు ఇది కొత్త కథ కాదు. బొంబాయిలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ 1950ల మొదట్లో ఈ చిట్టెలుకను కూడా కొంతకాలం మన దేశంలో బిగించింది.

ఇప్పుడు మీ ఇంజిన్ దగ్గరికి వద్దాం. 1937లో ఫియట్ 508 అనే సంఖ్యకు చివర ‘సి’ అనే అక్షరం తగిలించి, ‘కొత్త బలిల్లా 1100’ అనే పేరు పెట్టి ఒక కారును విడుదల చేసింది. సంఖ్య, పేరు రెండూ పాతవే కావడంతో అది పాత బండికి మెరుగులు దిద్దిన రూపం అనుకుంటారు. చూస్తే అందులో పాతది దాదాపు ఏమీ మిగలలేదు. దీని వెనుక ఉన్న ముఖ్యుడు దాంతె జకోజా. ఆయన 1905లో రోములో పుట్టి, టురిన్ పాలిటెక్నిక్‌లో చదువుకుని, 1920ల చివర ఫియట్‌లో చేరిన ఇంజినీరు. తొపొలీనో రూపకర్త కూడా ఆయనే. యుద్ధం తరువాత 1955లో వచ్చిన 600, 1957లో వచ్చిన చిన్న 500 ఆయన చేతి పనులే. కొత్త బలిల్లాలో ముందు చక్రాలకు కమాన్ కట్టలు తీసేసి, ఒక్కొక్క చక్రం విడివిడిగా ఊగే ఏర్పాటు చేశారు. నాలుగు తలుపులు రెండు చివరలకూ తెరుచుకునేవి, నడుమ స్తంభం ఉండేది కాదు. తలుపులన్నీ తెరిస్తే ఒక పక్క మొత్తం ఖాళీ. వేగం గంటకు 110 కిలోమీటర్లు. ఐదేళ్లలో 80 నుంచి 110కి రావడం సామాన్యమైన విషయం కాదు, అందులో పెద్ద వాటా ఇంజిన్‌దే.

ఆ ఇంజిన్ 1089 సీసీ, 32 హార్స్‌పవర్. అల్యూమినియం హెడ్డు, అందులో వేలాడే వాల్వులు, బ్లాకులో క్యామ్‌షాఫ్టు, పుష్‌రాడ్లు, రాకర్లు. మీ పద్మిని ఆర్‌సీ బుక్కు తెరిచి చూడండి, అందులో 1089 అని ఉంటుంది. బోరు, అంటే సిలిండరు లోపలి వెడల్పు, 68 మిల్లీమీటర్లు, స్ట్రోకు, అంటే పిస్టను పైకీ కిందికీ కదిలే దూరం, 75 మిల్లీమీటర్లు. నమ్మకం కుదరకపోతే లెక్క కట్టండి. 6.8ని 6.8తో హెచ్చించి, దానిని 0.7854తో హెచ్చించి, వచ్చినదానిని 7.5తో, మళ్లీ నాలుగు సిలిండర్ల కోసం నాలుగుతో హెచ్చిస్తే 1089 చిల్లర వస్తుంది. 1937లో టురిన్‌లో ఎంచుకున్న ఆ రెండు కొలతలు 20వ శతాబ్దం చివరి దాకా బొంబాయిలో ప్రీమియర్ వాళ్ల కుర్లా ఫ్యాక్టరీలో అలాగే కొనసాగాయి.

నేను తరువాత చెబుతానన్న కొలత ఇదే, 75 మిల్లీమీటర్ల స్ట్రోకు. 1932 నాటి సైడ్ వాల్వ్ ఇంజిన్ బోరు 65, స్ట్రోకు 75, అందుకే 995 సీసీ. 1937లో బోరు 68 అయింది, స్ట్రోకు మారలేదు. ఇటలీలో 1962లో వచ్చిన 1100డి బండికి బోరును 72కి పెంచి 1221 సీసీ చేశారు, అప్పుడూ స్ట్రోకు మారలేదు. ఇంజిన్ పద్ధతి మారింది, హెడ్డు మారింది, బోరు రెండుసార్లు పెరిగింది, స్ట్రోకు మాత్రం అదే. మీ మెకానిక్కు మాటలో 1932 నాటి కారుకు సంబంధించి నిజం ఎంత ఉందంటే, ఆ కొలత ఉన్నంత ఉంది.

ఈ 75 మిల్లీమీటర్ల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలని ఉంది, ఎందుకంటే ఈ ఇంజిన్ అరవై ఏళ్లు బతకడానికి కారణం చాలావరకు అందులోనే ఉంది. ఆ కాలపు ఇంగ్లీషు చిన్న కార్లలో స్ట్రోకు చాలా పొడుగు. 1930ల నడుమ అక్కడ బాగా అమ్ముడైన మోరిస్ ఎయిట్ కారు బోరు 57, స్ట్రోకు 90. వాళ్ల రోడ్డు పన్ను లెక్కలో బోరు ఒక్కటే వచ్చేది, స్ట్రోకు వచ్చేది కాదు. కాబట్టి పన్ను తప్పించుకోవడానికి సిలిండరును సన్నగా పొడుగ్గా చేసేవారు. బోరును మాత్రమే శిక్షించే ఆ లెక్క ఇటలీలో లేదు, అందువల్ల జకోజా వంటివాళ్లు బోరు వెడల్పు చేసి స్ట్రోకు పొట్టిగా ఉంచగలిగారు. నిమిషానికి 4,000 చుట్ల వేగంలో 75 మిల్లీమీటర్ల స్ట్రోకు ఉన్న పిస్టను సగటున సెకనుకు 10 మీటర్లు ప్రయాణం చేస్తుంది, 90 ఉన్నది 12 మీటర్లు. తేడా చిన్నదిగా కనిపించవచ్చు కానీ, గంటల తరబడి ఒకే వేగంతో పోయే ప్రయాణంలో రింగులు, బోరు, బేరింగులు ఆ తేడాను ప్రతి కిలోమీటరులోనూ అనుభవిస్తాయి. ఇటలీలో 1924 నుంచే మోటారు వాహనాలకు మాత్రమే కేటాయించిన రహదారులు ఉన్నాయి, అలా ఏకధాటిగా పరుగు తీసే అవసరం అక్కడ ముందే వచ్చింది. పద్మిని ఇంజిన్ మే నెల ఎండలో కూడా పెద్దగా అలసట లేకుండా తిరుగుతుందని మీ తాతగారు అని ఉంటే, ఆ మాటకు మూలం ఈ పొట్టి స్ట్రోకే.

1939లో ఆ కారుకు ముందు భాగం మార్చి, బలిల్లా పేరు తీసేసి, 1100 అనే పేరు మాత్రమే ఉంచారు. ఆ కొత్త రూపానికి జనం పెట్టిన పేరు ‘పెద్ద మూతి’. యుద్ధంలో దాని సైనిక రూపాలు ఎడారుల్లో తిరిగాయి. 1953లో ఛాసీ మీద బాడీ కూర్చోబెట్టే పద్ధతి పోయి, బాడీయే ఛాసీగా ఉండే 1100-103 వచ్చింది. కారు మొత్తం కొత్తది, ఇంజిన్ మాత్రం మెరుగులు దిద్దుకున్న అదే 1089. వాల్‌చంద్ హీరాచంద్ 1944లో స్థాపించిన ప్రీమియర్ కంపెనీ 1954 నుంచి మన దేశంలో చేసింది ఈ బండినే. తరువాత ఇటలీలో వచ్చిన 1100డి బాడీని కూడా తెచ్చుకున్నారు, కానీ దాని 1221 సీసీ ఇంజిన్‌ను తీసుకోకుండా పాత 1089నే ఉంచారు. ఇటలీలో 1100 తయారీ 1969లో ఆగిపోయింది. మన దగ్గర ఫియట్ పేరు వాడుకునే ఒప్పందం ముగిశాక బండి మొదట ప్రెసిడెంట్ అని, 1974 నుంచి పద్మిని అని పేరు మార్చుకుంది. పేరు ఎన్నిసార్లు మారినా మన ఊళ్లలో దానిని ‘ఫియట్ కారు’ అనడం మాత్రం ఎవరూ మానలేదు. చివరి రోజుల్లో డీజిల్ ఇంజిన్ పెట్టి అమ్మిన పద్మినిలకు ఈ వంశంతో సంబంధం లేదు.

మీ తాతగారి బండి గొప్ప చెప్పుకోవడానికి ఇంకొక సంగతి ఉంది. ఎంజో ఫెరారీ ఆల్ఫా రోమియో నుంచి బయటికి వచ్చాక, తన పేరుతో కార్లు చేయకూడదన్న ఒప్పందం ఉన్న కాలంలో, 1940లో వేరే కంపెనీ పేరు మీద 815 అనే రేసు కార్లు రెండు కట్టించాడు. వాటిలో ఉన్న ఎనిమిది సిలిండర్ల 1,500 సీసీ ఇంజిన్‌కు, ఛాసీకి ఆధారం కొత్త బలిల్లా 1100 భాగాలే. ఆ ఏడాది ఇటలీలోని బ్రెషాలో జరిగిన రేసులో రెండూ పాల్గొని, రెండూ మధ్యలో ఆగిపోయాయి. కనుక పద్మినికి ఫెరారీతో కూడా చుట్టరికం ఉందని మీరు అనవచ్చు. అయితే ఆ ఇంజిన్లో స్ట్రోకును 60కి తగ్గించారు, కాబట్టి నా 75 లెక్క అక్కడ పనిచేయదు.

ఇక పిస్టన్లు, గ్యాస్కెట్టు. ‘బలిల్లా’ అన్న మాట మీద ఏమీ కొనవద్దు. అబ్బాయిని ముందుగా గ్యాస్కెట్టు ఫొటో ఒకటి పంపమనండి. దానిలో నాలుగు గుండ్రని పెద్ద రంధ్రాలు ఉంటే అది మీ బండిలో లాగా వాల్వులు హెడ్డులో ఉండే ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజిన్‌ది. ఆ రంధ్రాలు గుండ్రంగా కాక ఒక పక్కకు చిక్కుడుగింజలా సాగి ఉంటే అది 1932 వంశపు సైడ్ వాల్వ్ ఇంజిన్‌ది, ఎందుకంటే ముందు చెప్పినట్లు అందులో మండే గది సిలిండరు మీది నుంచి పక్కనున్న వాల్వుల మీదికి కూడా పాకుతుంది. రెండవ రకం మీ బండికి ఏ విధంగానూ పట్టదు. పిస్టన్లను వెర్నియర్‌తో కొలవమనండి. 65 దగ్గర ఉంటే వదిలేయమనండి. 68 దగ్గర ఉన్నా తొందరపడవద్దు. పిస్టన్ పిన్ను మందం, పిన్ను నడిమి నుంచి పిస్టన్ తల దాకా ఉన్న ఎత్తు, రింగుల గాడుల వెడల్పు, ఈ మూడూ మీ పాత పిస్టనుతో సరిపోవాలి. 1937 ఇంజిన్ కంప్రెషన్ మీ ఇంజిన్ కంటే తక్కువ, కాబట్టి ఆ ఎత్తులో తేడా ఉండే అవకాశం ఎక్కువ. పైగా మీ బ్లాకును ఇదివరకు ఎన్నిసార్లు బోరు చేయించారో తెలియకుండా 68 అనే సంఖ్యకు అర్థం లేదు. ముందు హెడ్డు దింపి, ఇప్పుడున్న బోరు ఎంతో లేతు షాపులో కొలిపించండి. పద్మిని పిస్టన్ సెట్లు, ఓవర్‌సైజువి కూడా, పాత విడిభాగాలు అమ్మేవాళ్ల దగ్గర వెతికితే మన దేశంలోనే దొరుకుతాయి.

ఫొటోలో చిక్కుడుగింజ రంధ్రాలే కనిపించి, ఆ గ్యాస్కెట్టు మీద అబ్బాయికి మనసు పడితే కొనుక్కోనివ్వండి. రాగి గ్యాస్కెట్టు అయితే గోడకు తగిలిస్తే బాగానే ఉంటుంది. ధర మాత్రం గోడకు తగిలించే వస్తువు ధరే ఇవ్వమనండి.